ముప్పై నాలుగు సెంటీమీటర్ల భుజం

2019 ఆగస్టు 6, మంగళవారం, ఉదయం 10 గంటల 40 నిమిషాలు. టైర్ల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉన్న కుట్టుగదికి ఒక కవరు వచ్చింది. లోపల రెండు కాగితాలు, అరచేయంత వలబట్ట ముక్క ఉన్నాయి. మొదటి కాగితం మీద స్టేజీ దుస్తు బొమ్మ. దానికి చేతులు లేవు, భుజపట్టీలు లేవు. వీపు భాగం మెడ ఎముక నుంచి ముప్పై ఏడు సెంటీమీటర్ల దాకా, అంటే నడుముకు ఒక్క వేలెడు పైదాకా, తెరిచి ఉంది. రెండో కాగితం మీద ఎనిమిది కొలతలు. వలబట్టది ఒంటి రంగు. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే బట్ట ఉన్నదీ లేనిదీ తెలియదు.

కవరు విప్పినావిడకు యాభై నాలుగేళ్ళు. ముప్పై ఒక్క సంవత్సరాలుగా టీవీ స్టూడియోలకూ నాటక కంపెనీలకూ బట్టలు కుడుతోంది. అందరూ ఆమెను కొలతలమ్మ అంటారు. ఆ పేరు గౌరవంతో పెట్టింది కాదు, విసిగి పెట్టింది. ఎవరి కొలతనైనా ఆమె రెండుసార్లు తీస్తుంది, ఒకసారి కుడివైపు నుంచి, ఒకసారి ఎడమవైపు నుంచి. రెండూ కలవకపోతే మూడోసారి తీస్తుంది. టేపు వాడగా వాడగా సాగుతుందని ఆమె అనుమానం. అందుకని ప్రతి జనవరిలోనూ దాన్ని ఉక్కు స్కేలు పక్కన పరిచి చూస్తుంది. మీటరుకు రెండు మిల్లీమీటర్లు మించి తేడా వస్తే పారేస్తుంది. అంగుళాలను నమ్మదు. అంగుళంలో ఎనిమిదో వంతు దగ్గర మనుషులు అబద్ధాలాడతారని ఆమె అభిప్రాయం.

కాజాలు, హుక్కులు కుట్టడానికి ఆమె దగ్గర పనిచేసేది సొంత ఆడపడుచే. “మా వదిన అద్దంలో తన మొహాన్ని కూడా రెండుసార్లు చూసుకుని గానీ తనదేనని ఒప్పుకోదు,” అని ఆమె వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

కొలతల కాగితం పైన రాసి ఉన్న పేరు వారిద్దరికీ బాగా తెలిసినదే. ఊరికి మాత్రం ఆ పేరు తెలియదు. ఊరికి తెలిసిన పేరు బుడంకాయ. 2003లో మొదలై తొమ్మిదేళ్ళ రెండు నెలలు నడిచిన ఒక సీరియల్లో ఆ పిల్ల వేసిన పాత్ర పేరది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సీరియల్. పిల్ల ఆరో ఏట చేరి పదిహేనో ఏట బయటికి వచ్చింది. కథలో మాత్రం బుడంకాయకు పదేళ్ళు ఎన్నడూ దాటలేదు. దాటకుండా చూసే పనిలో కొంత భాగం కొలతలమ్మది.

ఆ పనిని గురించి ఎవరైనా అడిగితే ఆమె కొంచెం గర్వంగానే చెప్పేది. గుండీ పెద్దదైతే మనిషి చిన్నగా కనిపిస్తుంది. మొదటి ఏడాది గౌనుకు పెట్టిన గుండీ పదిహేను మిల్లీమీటర్లు, చివరి ఏడాది పెట్టినది ఇరవై ఎనిమిది. కాలరు వెడల్పూ జేబు వెడల్పూ అదే లెక్కన పెరుగుతూ వచ్చాయి. పిల్ల పెరిగినకొద్దీ గుండీలు పెరిగాయి; తెర మీద ఏమీ పెరగలేదు.

ఆమె ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. పిల్లకు పదకొండో ఏడు వచ్చాక భుజం కొలతను ఆమె అసలుకంటే తగ్గించి కత్తిరించడం మొదలుపెట్టింది, చంక కోతను కిందికి దించింది. అలా కుట్టిన గౌను తొడుక్కున్న పిల్ల భుజాలు ముందుకు ముడుచుకుంటాయి, చేతులు భుజం ఎత్తుకు మించి లేవవు. మనిషి ఇంకా బుడతలాగే కనిపిస్తుంది. మొదట్లో తేడా అర సెంటీమీటరు. చివరి గౌనులో రెండున్నర. కార్డుల మీద అసలు కొలత పెన్సిలుతోనూ, కత్తిరించిన కొలత సిరాతోనూ రాసేది. ఆ కార్డులు ఒక పాత బిస్కట్ల డబ్బాలో, సంవత్సరాల వారీగా ఉన్నాయి.

సీరియల్ ముగిశాక ఆమె తనకు తానే ఒక నియమం పెట్టుకుంది: తొడుక్కునే మనిషి నోటితో చెప్పనిదే, ఆ ఒంటి మీద టేపు పెట్టనిదే, గుడ్డ మీద కత్తెర పెట్టకూడదు. ఏడేళ్ళలో రెండు పెద్ద ఆర్డర్లు ఆ కారణంగానే వదులుకుంది. ఇప్పుడు అదే పిల్ల పేరు మీద కవరు వచ్చింది. ఎవరికో కావలసిన రూపాన్ని ఆ ఒంటి మీద తన చేతులతో రెండోసారి కుట్టకూడదన్నది ఆమె పట్టుదల.

అనుమానానికి ఆధారాలు అంతకుముందే ఉన్నాయి. బస్సు స్టాపు నుంచి కుట్టుగది దాకా గోడల మీద తొమ్మిది పోస్టర్లు అంటించారు. అందులో ఆ పిల్ల వెనక్కి తిరిగి, మెడ మాత్రం ఇటు తిప్పి చూస్తోంది. పైన “బుడంకాయ ఇక లేదు” అని పెద్ద అక్షరాలు. కింద సెప్టెంబరులో జరగబోయే స్టేజీ షో వివరాలు. ఆ షోలో పదకొండు నిమిషాల నాట్యం ఆమె ఒక్కతిదే. పోస్టరులోని దుస్తు గుడ్డతో కుట్టింది కాదు, కంప్యూటరులో గీసింది. కుట్టుపని తెలిసిన కంటికి అది పట్టుబడుతుంది. అంటే దుస్తు లేకుండానే పోస్టరు అచ్చయింది. వ్యవహారాలన్నీ చూసేది పిల్ల మేనమామ. సీరియల్ రోజుల నుంచీ ఆయనే మేనేజరు.

ఆడపడుచు బొమ్మను కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది.

“ఇందులో నాకు పనేం లేదు వదినా. గుండీ లేదు, కాజా లేదు. నాలుగు హుక్కులకు నేనెందుకు, ఇంటికి పోయి పడుకుంటా.”

“కొలతలు చదువు.”

“భుజం ముప్పై నాలుగు. ఛాతీ...”

“ఆగు. మళ్ళీ చదువు.”

“భుజం ముప్పై నాలుగు. చెవుల్లో దూది పెట్టుకున్నావా?”

“భుజపట్టీ లేని బట్టకు భుజం కొలత ఎందుకు?”

“రాసినవాళ్ళకు తెలియదేమో. ఎవరో మగబుర్ర అయ్యుంటుంది.”

కొలతలమ్మ బిస్కట్ల డబ్బా తెరిచి చివరి కార్డు తీసింది. భుజం: పెన్సిలుతో 36.5, సిరాతో 34. పదిహేనేళ్ళకు ముప్పై ఆరున్నర ఉన్న భుజం ఇరవై రెండేళ్ళకు ముప్పై నాలుగు కావడానికి వీల్లేదు. ఎముక వెనక్కి పెరగదు. ఈ ముప్పై నాలుగు ప్రపంచంలో రెండే చోట్ల ఉంది: ఈ కార్డు మీద, ఆ చివరి గౌనులో. కార్డు ఆమె డబ్బా దాటి వెళ్ళలేదు. పసుపుపచ్చ గౌను మేనమామ ఆఫీసులో, ఆయన కుర్చీ వెనక గోడకు, అద్దాల చట్రంలో వేలాడుతోంది. నాలుగేళ్ళ కిందట ఆమె స్వయంగా చూసింది.

“ఆ గౌను మీద టేపు పెట్టి కొలతలు పంపించాడు,” అంది. “పిల్లను అడగలేదు. ఆ పిల్ల ఈ బొమ్మ చూసిందో లేదో కూడా.”

“మరి మిగతా ఏడూ పెద్దమనిషి కొలతల్లాగే ఉన్నాయే.”

“ఒకటి తప్పయితే మిగతా ఏడింటినీ ఎందుకు నమ్మాలి?”

11 గంటల 25 నిమిషాలకు ఆమె ఫోను చేసింది. మేనమామ గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

“చెప్పమ్మా. కవరు అందిందా? ఇరవయ్యో తారీకుకల్లా కావాలి.”

“కొలతలు ఎవరు తీశారు బాబూ?”

“ఎందుకూ?”

“భుజం తప్పుంది. ముప్పై నాలుగని రాశారు. ఆ పిల్లకు పదిహేనేళ్ళప్పుడే ముప్పై ఆరున్నర. రెండున్నర తేడా ఉంది. ఇది ఒంటి కొలత కాదు, ఆ పసుపు గౌను కొలత.”

అవతల ఇంకో కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. ఆయన పక్కన ఇంకెవరో ఉన్నారని కొలతలమ్మకు అర్థమైంది.

“నాకు ఈ భుజాల సంగతేం తెలియదమ్మా,” అన్నాడు మేనమామ. “కుట్టడం నీ పని.”

“మనిషిని తీసుకురండి. నేను టేపు పెట్టాలి. ఆ పిల్ల నోటితో చెప్పాలి. లేకపోతే గుడ్డ మీద కత్తెర పెట్టను.”

ఫోనులో ఏదో గుసగుస. “సాయంత్రం నాలుగింటికి వస్తుందట,” అన్నాడు.

‘వస్తుందట’ అన్నాడు కనుక పక్కనున్నది ఆ పిల్లే. ఫోను ఆమెకు వినిపిస్తూ మాట్లాడాడా, ఆమె వినకుండా చూడబోయాడా అన్నది మాత్రం కొలతలమ్మకు తేలలేదు. మధ్యాహ్నమంతా ఆమె పాత చొక్కాలకు అంచులు కుట్టింది. కుట్టినవాటిలో రెండు విప్పి మళ్ళీ కుట్టవలసివచ్చింది.

నాలుగు గంటల పది నిమిషాలకు ఇద్దరూ మెట్లెక్కి వచ్చారు. పిల్ల మణికట్ల దాకా చేతులున్న వదులు చొక్కా తొడుక్కుంది. పాత మొహమే, నవ్వు మాత్రం లేదు. తలుపు చట్రం మీద గీసి ఉన్న ఎత్తుల గీతల్ని బట్టి ఆమె ఎత్తు నూట అరవై మూడు. భుజాలు ముందుకు ముడిచి నిలబడింది.

మేనమామ కూడా లోపలికి అడుగుపెట్టబోయాడు.

“కొలతల గదిలోకి మగవాళ్ళు రారు బాబూ,” అంది కొలతలమ్మ.

“నేను దాని మేనమామని.”

“మేనమామయినా మగవాడే కదండీ,” అంది ఆడపడుచు. “వరండాలో కుర్చీ ఉంది. ఫ్యాను లేదు గానీ గాలి బాగా వస్తుంది.”

తలుపు మూశారు. ఆ తలుపుకు నేలకు మధ్య మూడు సెంటీమీటర్ల సందుంది. ఆ సందులో కుర్చీ కాళ్ళు కాదు, బూట్ల ముక్కులు కనిపించాయి. కొలతలమ్మ కళ్ళతోనే సైగ చేసింది. ఆడపడుచు రెండో మిషను ముందు కూర్చుని, దారం ఎక్కించకుండా, గుడ్డ పెట్టకుండా, పెడలు తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడులో తలుపు అవతలికి మాట వినిపించదు.

“ఇప్పుడు చెప్పు తల్లీ. ఈ బొమ్మ నువ్వు చూశావా? నిన్నెవరైనా...”

“పిన్నీ, ముందు నా మాట విను. ముప్పై నాలుగు రాసింది నేనే.”

కొలతలమ్మ చేతిలోని టేపు చుట్ట విడిపోయి కింద పడింది. ఆమె వంగి తీయలేదు.

“మామయ్య లేనప్పుడు ఆఫీసుకెళ్ళి, అద్దం విప్పి, ఆ గౌను కొలిచాను. మిగతా ఏడూ నా ఒంటివే.”

“ఎందుకూ?”

“నువ్వు గుర్తుపడతావా లేదా చూద్దామని. గుర్తుపట్టకపోతే, పాపం పిన్ని పొరపాటున బిగుతుగా కుట్టింది, తనకు తెలియదు అనుకునేదాన్ని. రెండున్నర తేడా అని నువ్వే చెప్పావు. స్పీకరులో విన్నాను. పొరపాటు చేసినవాళ్ళకు పొరపాటు ఎంతో లెక్క తెలియదు కదా పిన్నీ.”

ఉదయం నుంచి కొలతలమ్మ ఒక్కొక్కటే పేర్చుకుంటూ వచ్చిన సాక్ష్యమంతా ఆమె మీదికే తిరిగింది. మిషను చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

“ఎవరు చెప్పారు నీకు అలా కుట్టమని?” అని అడిగింది పిల్ల. “మామయ్యా? డైరెక్టరుగారా?”

డైరెక్టరు చనిపోయి నాలుగేళ్ళయింది. ఆయన పేరు చెబితే కాదనేవాళ్ళు లేరు. మేనమామ పేరు చెప్పినా పిల్ల నమ్మేది. నమ్మడానికి సిద్ధపడే వచ్చింది. కొలతలమ్మ బిస్కట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.

“పిల్ల చిన్నగా కనిపించాలి అన్నారు. అంతవరకే అన్నారు. గుండీలు, కాలరు చాలేవి. భుజం సంగతి ఎవరూ చెప్పలేదు. అది నా ఆలోచనే. బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను.”

పిల్ల కార్డుల్ని ఒక్కొక్కటిగా తీసి చదివింది. పన్నెండు: పెన్సిలు 33.5, సిరా 32.5. పధ్నాలుగు: పెన్సిలు 35.5, సిరా 33.5. వేలితో పెన్సిలు అంకెల్ని మాత్రమే తడుముతూ పోయింది.

“పెన్సిలుతో ఉన్నది నేనన్నమాట,” అంది.

“అవును.”

“నాకు ఇప్పటికీ పై అరలో గిన్నె తియ్యాలంటే స్టూలు వేసుకోవడం అలవాటు. అందుతుంది. కానీ చెయ్యి అంతవరకు పోదు. డాక్టరు దగ్గరికెళితే కీలులో ఏమీ లేదన్నాడు. గౌను వల్ల ఎవరికీ అలా కాదట. అలవాటు అన్నాడు. డాన్సు మాస్టరేమో రోజూ తిట్టేది, నీ చేతులకు సిగ్గెక్కువమ్మా అని.”

కొలతలమ్మ కింద పడిన టేపు తీసి, దులిపి, మెడలో వేసుకుంది.

“నేను చేసింది తప్పే. దానికి నువ్వు ఎంత అన్నా పడతాను. కానీ దాంతో నా అనుమానం తీరలేదు. ఈ బొమ్మ ఎవరిది?”

“నాదే.”

“బట్ట పుట్టకముందే పోస్టరు పుట్టింది. నీదెలా అవుతుంది?”

పిల్ల మొదటిసారి కొంచెం నవ్వింది. “నువ్వు మారలేదు పిన్నీ. పోయిన నెల బట్టల కొట్లో ఒకాయన నా బుగ్గ గిల్లాడు. నలభై అయిదేళ్ళుంటాయి. ఓయ్ బుడంకాయ్, ఒక పాట పాడమ్మా అన్నాడు. నాకు ఇరవై రెండేళ్ళు. పక్కన వాళ్ళావిడ కూడా నవ్వుతూ నిలబడింది. ఇంటికొచ్చి ఈ బట్ట గీశాను. దీన్ని వేసుకున్నదాని బుగ్గ ఎవడూ గిల్లడు.”

“గిల్లడు. ఇంకేమైనా అంటాడు.”

“అననీ. అది నన్ను అన్నట్టు ఉంటుంది.”

కొలతలమ్మ మాటతో తృప్తిపడే మనిషి కాదు. కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టింది. అద్దం పక్కనున్న, బట్టలు తొడిగి చూసే గుడ్డబొమ్మను వెనక్కి తిప్పి, నీలం సుద్దముక్క పిల్ల చేతికిచ్చింది. “నువ్వు గీసినదేగా. వీపు ఎక్కడిదాకా తెరవాలో గీత గియ్యి.”

పిల్ల ఆలోచించకుండా గీసింది. కొలతలమ్మ టేపు పెట్టింది. ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి. మెడ ఎముక నుంచి ఇరవై ఐదు. కాగితం మీద ఉన్నది ముప్పై ఏడు.

“పన్నెండు తేడా,” అంది.

పిల్ల సుద్దముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు గుడ్డబొమ్మను చూసింది.

“మామయ్యా, పోస్టరు వాళ్ళూ దించారు. కాగితం మళ్ళీ వచ్చినప్పుడు చూశాను. చూసి ఊరుకున్నాను.”

“ఎందుకు ఊరుకున్నావు?”

“ఎలాగూ తెగించాం కదా, ఇంకాస్త తెగిస్తే ఏం అన్నాడు మామయ్య. నిజమే కదా అనిపించింది. నాకు కావలసింది భుజాలు కనిపించడం. వీపు గురించి నాకు సిగ్గూ లేదు, సరదా లేదు. అది వాళ్ళ పోస్టరు.”

“అయితే ఏది కుట్టను? ముప్పై ఏడంటే ముప్పై ఏడే కుడతాను. నీ నోటితో చెప్పు.”

“ఇరవై ఐదు. మామయ్య అడిగితే గుడ్డ కుదరలేదని చెప్పు.”

“చెప్పను. ఈ ఒంటి గురించి ఆడిన అబద్ధాలు చాలు.”

మిషను తొక్కుతున్న ఆడపడుచు తల తిప్పకుండానే అంది. “నా కాళ్ళు లాగుతున్నాయి. త్వరగా తేల్చండి. గుడ్డ లేకుండా ఇంతసేపు తొక్కితే మిషనుకు కూడా అనుమానం వస్తుంది.”

పిల్ల తలుపు దగ్గరికి వెళ్ళి తీసింది. మేనమామ ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

“మామయ్యా, వీపు ఇరవై ఐదు. కాగితంలో ఉన్నట్టు కాదు. నేను గీసినట్టు.”

ఆయన ఆమెను కాదు, ఆమె భుజం మీదుగా కొలతలమ్మను చూశాడు. “ఏమ్మా, ఏం నూరిపోశావు దీనికి? నువ్వు కుట్టకపోతే ఊళ్ళో ఇంకెవరూ లేరనుకున్నావా?”

“నేనేమీ నూరిపోయలేదు బాబూ. సుద్దముక్క ఇచ్చాను.”

“పోస్టరులో అలా లేదు. జనం అడుగుతారు.”

“అడిగితే నన్నే అడగమను,” అంది పిల్ల. “పిన్ని కుట్టకపోతే నేను ఆడను.”

ఆయన వాచీ చూసుకున్నాడు, ఫోను చూసుకున్నాడు. పోస్టరు వాళ్ళతో మాట్లాడాలంటూ కిందికి దిగాడు. ఆయన ఒప్పుకున్నాడో, వేరే దర్జీకి ఫోను చెయ్యడానికి వెళ్ళాడో ఆ మెట్ల చప్పుడును బట్టి చెప్పడానికి వీల్లేదు. కొలతలమ్మ రెండోదే అనుకుంది. మిషను ఆగింది.

తలుపు మూసి, ఆమె ఒక కొత్త కార్డు తీసుకుంది. పెన్సిలు డబ్బాలోనే వదిలేసి పెన్ను తీసింది. పట్టీలు లేని దుస్తుకు ఛాతీ చుట్టుకొలత రెండు విధాల తీయాలి: చేతులు దించినప్పుడు ఒకటి, ఎత్తినప్పుడు ఒకటి. చేతులు లేస్తే పక్కటెముకలు లేస్తాయి; ఆ తేడాను లెక్కలోకి తీసుకోని గుడ్డ స్టేజీ మీద జారుతుంది. తొమ్మిదేళ్ళ కార్డుల్లో ఈ రెండో కొలత ఒక్కదాని మీదా లేదు.

“చేతులు పైకెత్తు తల్లీ.”

పిల్ల ఎత్తింది. భుజం ఎత్తు దాకా మామూలుగా లేచాయి. అక్కడ, అలవాటుగా, ఆగాయి.

“ఇంకా.”

“ఇంతే పిన్నీ.”

“డాక్టరు కీలులో ఏమీ లేదన్నాడని నువ్వే చెప్పావు. ఎత్తు.”

ఆడపడుచు లేచి వచ్చి ఎదురుగా నిలబడింది. తన రెండు చేతులూ పైకెత్తి చూపింది. పిల్ల ఆమెను చూస్తూ మెల్లగా ఎత్తసాగింది. చొక్కా వదులు చేతులు మణికట్ల నుంచి జారి భుజాల దగ్గర కుచ్చులయ్యాయి. చూపుడువేళ్ళు ఎత్తుల గీతలన్నింటినీ దాటిపోయాయి.

కొలతలమ్మ ఛాతీ కొలత తీసి రాసింది. తర్వాత పై అర అందుకోవడానికి పిల్ల స్టూలు వేసుకున్నట్టే, మూలనున్న స్టూలు లాక్కుని ఎక్కింది. దుస్తుకు అవసరం లేని ఇంకొక కొలత, నేల నుంచి వేలి కొస దాకా, టేపు చాలక రెండు ముక్కలుగా తీసింది. కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి. రెండూ కలిశాయి. దిగి, కార్డు మీద సిరాతో రాసింది.

207.5